అశోక్‌నగర్‌లో నేను నమ్మే జిరాక్స్ షాపు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల సందుల్లో జిరాక్స్ షాపులకు కొదవ లేదు. గ్రూప్స్ అనీ, ఎస్సై అనీ, డీఎస్సీ అనీ జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలున్నంత కాలం వాటికి గిరాకీ తగ్గదు. నేను రాస్తున్నది వాటిలో ఒక్క షాపు గురించి. పేరు వేయొద్దని ఓనరే అడిగారు. “ఇప్పుడున్న గిరాకీకే చేతులు సరిపోతలేవు మేడమ్. మీరు రాస్తే ఇంకింత మంది వస్తరు. అప్పుడు అందరి పనీ ఖరాబైతది” అన్నారు. అందుకని గుర్తులు మాత్రం చెప్తాను. అశోక్‌నగర్ లోపల, ఒక లేడీస్ హాస్టల్ కింద, ఒకే షట్టర్. లోపల మూడు మెషిన్లు. బయట గోడకు ఆనించిన చెక్క బల్ల, దానికి దారంతో కట్టిన స్టాప్లర్. బోర్డు మీద జిరాక్స్, ప్రింట్స్, స్పైరల్ అని తప్ప ఇంకేం రాసి ఉండదు.

చూడటానికి ఇక్కడ కొత్తగా ఏమీ కనపడదు. యాప్ లేదు, టోకెన్ మెషిన్ లేదు. ఫైలు పంపితే ప్రింట్ తీసి ఇస్తారు, ఆ మాత్రం పక్క షాపులోనూ జరుగుతుంది. అయినా నా మెటీరియల్ మొత్తం ఇక్కడే ఇస్తాను. ఐడియా గొప్పదా, దాన్ని చేసి చూపించడం గొప్పదా అని మా క్లాసులో తరచూ వాదన లేస్తుంటుంది. ఈ కౌంటర్ దగ్గర నిలబడి చూస్తుంటేనే ఆ వాదనలో నేను ఎటువైపో నాకు తేలింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని. పగలు డిగ్రీ కాలేజీ, సాయంత్రం ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీ క్లాసులు. వారం వారం పిల్లలకు తెలుగులో మెటీరియల్ ఇవ్వాలి. ఇంతకుముందు వేరే చోట ప్రింట్ తీయించేదాన్ని. ఒకసారి నానో టెక్నాలజీ చాప్టర్‌లో, నానోమీటర్ అంటే 10⁻⁹ మీటర్లు అని ఉండాల్సిన చోట, పైన ఉండే ఆ మైనస్ గుర్తు ప్రింట్‌లో ఎగిరిపోయింది. 10⁹ అయి కూర్చుంది. మీటరులో వంద కోట్లవ వంతు కాస్తా వంద కోట్ల మీటర్లయింది. నా ఫైల్లో గుర్తు ఉంది, కాగితం మీద లేదు. టోనర్ ఆదా అవుతుందని లైట్ మోడ్‌లో పెట్టి, రెండు పేజీలను ఒక పేజీలోకి కుదించి కొట్టారు. అంత సన్నటి గీత నిలవలేదు. పిల్లలు దాన్నే నోట్సులోకి ఎక్కించుకున్నారు, కొందరు బట్టీ కూడా పట్టారు. ఇంటి దగ్గర డబ్బులు అడిగి తెచ్చుకుని చదివే పిల్లల చేతిలో నా పేరున్న కాగితం తప్పు చెప్పింది. ఆ బాధతోనే వేరే షాపు వెతికాను.

ఇక్కడ అన్న (అందరం అలాగే పిలుస్తాం) నా ఫైలు తెరిచి మొదట అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “ఇండ్ల అన్నిటికన్న చిన్న అక్షరాలు ఏ పేజీల ఉన్నయి మేడమ్?” చెప్పాను. ముందు ఆ ఒక్క పేజీ ప్రింట్ తీసి నా చేతికిచ్చి, బయట వెలుతురులోకి వెళ్ళి చదివి రమ్మన్నారు. మామూలుగా శాంపిల్ అంటే ఎవరైనా మొదటి పేజీ తీసి చూపిస్తారు. మొదటి పేజీలో ఉండేది పెద్ద అక్షరాల్లో టైటిల్. అది ఎలాంటి మెషిన్ మీదైనా బాగానే వస్తుంది, దాన్ని చూస్తే తెలిసేది ఏమీ లేదు. ఫైలు మొత్తంలో ఎక్కడ చెడిపోవడానికి ఎక్కువ అవకాశం ఉందో అక్కడ చూడాలి. ల్యాబ్‌లో నేను పిల్లలకు చెప్పే పద్ధతి అదే. పరికరం కొలవగలిగే అతి చిన్నదాని దగ్గర దాన్ని పరీక్షించమంటాను. ఆ మాట ఒక జిరాక్స్ షాపులో వినడం నాకు ఎంతో సంతోషం అనిపించింది.

తెలుగు ప్రింటింగ్‌లో ఈ జాగ్రత్త ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. శాస్త్రం, రాష్ట్రం లాంటి మాటల్లో ఒకే అక్షరానికి రెండేసి వత్తులు పడతాయి. రెండు ఏ4 పేజీలను ఒక ఏ4 మీదికి తెస్తే అక్షరం దాదాపు 71 శాతానికి కుదించుకుపోతుంది. 12 పాయింట్లలో టైప్ చేసింది ఎనిమిదిన్నరకు దిగుతుంది. ఆ సైజులో ఇంగ్లీషు ఎలాగో చదవొచ్చు. తెలుగు వత్తులు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసిచుక్కల్లా కనిపిస్తాయి. దీనికితోడు ఫాంట్ల గొడవ ఉండనే ఉంది. డీటీపీ వాళ్ళు అనూ ఫాంట్లలో చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అన్న ఆ ఫాంట్లు పెట్టుకున్నారు. అయినా సరే ఫైలు పీడీఎఫ్‌లోనే తెమ్మంటారు. ఫోన్‌లో టైప్ చేసిన వర్డ్ ఫైలు తెస్తే, తెచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని స్క్రీన్ మీద ఒక్కసారి పైనుంచి కిందికి చూపించి, “వత్తులన్నీ ఉన్నయా?” అని అడిగాకే పని మొదలుపెడతారు. ఆ రెండు నిమిషాల్లో ఇంకో ఇద్దరి పని అయిపోతుందని తెలిసినా ఆయన వదిలిపెట్టరు.

స్పైరల్ పని వదినది. అన్న భార్య, పిల్లలంతా అక్కా అంటారు. ఆమె పంచింగ్ మెషిన్‌లో ఒకేసారి పది పన్నెండు కాగితాల కంటే ఎక్కువ పెట్టరు. మందంగా పెడితే పని తొందరగా అవుతుంది గానీ అడుగు కాగితాల్లో రంధ్రాలు పక్కకు జరుగుతాయి, స్పైరల్ పట్టేసి పేజీ తిరగదు. అంతా అయ్యాక చివర తీగను కట్ చేసి లోపలికి వంచుతారు. వేరే చోట్ల స్పైరల్ చేయించినవాళ్ళకు తెలుస్తుంది, ఆ చివర చున్నీకి తగులుకుంటుంది, బ్యాగు లోపలి బట్టను చింపుతుంది. బ్యాక్ టు బ్యాక్ ప్రింట్ అయితే ఎడమ పేజీకీ కుడి పేజీకీ మార్జిన్ వేర్వేరు వైపుల వదలాలి. అది ప్రింట్‌కి ముందే ఆలోచించకపోతే రంధ్రం వచ్చి వాక్యం మొదటి అక్షరంలో పడుతుంది. అందుకని ఈ షాపులో ప్రింట్ ఆర్డర్ తీసుకునేటప్పుడే వదిన వెనక నుంచి “స్పైరలా, ఉత్త పిన్నా?” అని అరుస్తారు. కొత్తవాళ్ళకు అది తొందరపెట్టినట్టు ఉంటుంది. ఆ మాట మీదే మార్జిన్ సంగతి తేలుతుంది.

హాల్‌టికెట్లు వచ్చే రోజుల్లో ఈ సందులో నిలబడటానికి చోటు ఉండదు. అప్పుడు అన్న ఒక మెషిన్‌ను ఒక్క పేజీ పనులకే వదిలేస్తారు. మూడు వందల పేజీల మెటీరియల్ వాళ్ళను వేరే మెషిన్‌కి పంపుతారు, ఆలస్యమైనా సరే. దీని వెనక లెక్క ఉంది. ఒకరిది 30 నిమిషాల పని, పది మందికి తలా ఒక నిమిషం పని అనుకోండి. పెద్ద పని ముందు చేస్తే పదకొండు మంది తమ పని పూర్తయ్యేదాకా వేచి ఉన్న సమయం అంతా కలిపి 385 నిమిషాలు. చిన్నవి ముందు చేస్తే 95 నిమిషాలు. పెద్ద పని ఉన్నవాడికి ఎక్కువయ్యేది పది నిమిషాలే. కంప్యూటర్ సైన్స్‌లో దీన్ని పాఠంగా చెప్తారు. అన్న ఆ పాఠం చదవలేదు, రేపు పొద్దున్నే పరీక్ష ఉన్న పిల్లల మొహాలు చూసి కనిపెట్టారు.

వానాకాలంలో ఇంకో సంగతి గమనించాను. తెరిచిన కాగితాల రిమ్ములను బయట ఉంచరు. ఒక ఇనుప బీరువాలో చిన్న బల్బు వెలిగించి అందులో పెడతారు. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది. మెషిన్ లోపల టోనర్‌ను కాగితానికి అతికించే రోలరు బాగా వేడిగా ఉంటుంది. తేమ పట్టిన కాగితం దాని గుండా పోతే చుట్టుకుపోతుంది, ఇరుక్కుంటుంది. పైగా అచ్చును కాగితం మీదికి లాగేది విద్యుదావేశమే కాబట్టి తడి కాగితం మీద నలుపు సమానంగా పట్టదు. ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఈ బీరువా నాకు బాగా నచ్చింది.

నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఆ మెషిన్ కథ నేను క్లాసులో చెప్తుంటాను.

సాయంత్రం బ్యాచ్‌లో ఒక అబ్బాయి గట్టిగా వాదించేవాడు. “మేడమ్, పని చేసేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. ఐడియా వచ్చేది ఒక్కడికే. ఆ ఒక్కడిదే గొప్ప” అనేవాడు. ఈ పిల్లల్లో చాలామందికి చదువుతో పాటు ఒక స్టార్టప్ ఆలోచన కూడా ఉంటుంది. గచ్చిబౌలిలో 2015లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్ మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్ళో టీ కొట్టు దగ్గర నిలబడినా అదే మాట వినిపిస్తుంది. ఐడియా చెప్తే ఎవరైనా కొట్టేస్తారని దాచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు దానిమీద కోపం లేదు. వయసులో ఉన్న పిల్లలు కల కనకపోతే ఎలా? కానీ ఆ అబ్బాయికి జవాబు చెప్పాలని జిరాక్స్ పుట్టుక చెప్పాను.

జర్మనీలో గ్యోటింగెన్ అనే ఊళ్ళో లిక్టెన్‌బర్గ్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉండేవాడు. 1777లో ఆయన, విద్యుదావేశం ఉన్న పలక మీద పొడి పడితే అది ఆవేశం ఉన్న చోట్లే అతుక్కుని చెట్టుకొమ్మల్లాంటి బొమ్మలు ఏర్పడటం గమనించాడు. ఆ బొమ్మను కాగితం మీదికి కూడా ఎత్తాడు. జిరాక్స్ మెషిన్ లోపల జరిగేదానికి మూలం అదే. అదే మనిషి 1786లో ఒక ఉత్తరంలో ఇంకో విషయం రాశాడు. కాగితం పొడవును వెడల్పుతో భాగిస్తే రెండుకు వర్గమూలం వచ్చేలా చేస్తే, సగానికి మడిచినా దాని ఆకారం మారదు అని. మన ఏ4 కాగితం 297 మిల్లీమీటర్ల పొడవు, 210 వెడల్పు. భాగించి చూడండి, 1.414 వస్తుంది. రెండు పేజీలు ఒక పేజీలోకి ఖాళీ మిగలకుండా సరిపోవడానికి కారణం ఇదే. అంటే ఈ షట్టర్ కింద ఉన్న మెషిన్‌కీ, అందులో పెట్టే కాగితానికీ రెండింటికీ ఆలోచన ఒకే మనిషికి వచ్చింది, అదీ పదేళ్ళ లోపు.

మరి ఏం జరిగింది? కాగితం కొలత జర్మనీలో స్టాండర్డ్‌గా అమల్లోకి వచ్చింది 1922లో. ఉత్తరం రాసిన 136 ఏళ్ళకు. వాల్టర్ పోర్స్ట్‌మన్ అనే ఇంజినీరు దాని వెంటపడి, వరుసలో మొదటిదైన ఏ0 కాగితం వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు ఉండాలని పెట్టి, కొలతలన్నీ వరుసగా కట్టాడు. ప్రపంచ ప్రమాణం కావడానికి 1975 దాకా పట్టింది. ఒక చదరపు మీటరు అని పెట్టడంలో ఎంత తెలివి ఉందో అన్న దగ్గర రిమ్ము కొంటే తెలుస్తుంది. 75 జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం 75 గ్రాములు. ఏ0లో పదహారో వంతు ఏ4 కాబట్టి ఒక్కో కాగితం ఐదు గ్రాములకు కొంచెం తక్కువ. 500 కాగితాల రిమ్ము రెండు కిలోల మూడు వందల గ్రాముల పైచిలుకు. తూకం చూసి కాగితాలు తక్కువ ఉన్నాయో లేదో చెప్పొచ్చు. ఈ సౌకర్యం లిక్టెన్‌బర్గ్ ఉత్తరంలో లేదు. అమలు చేయడానికి కూర్చున్న మనిషికి తట్టింది.

మెషిన్ సంగతి ఇంకా పెద్దది. న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో పని చేసేవాడు. కాగితాలకు నకళ్ళు రాసీ రాసీ విసిగిపోయాడు, కీళ్ళనొప్పులు కూడా ఉండేవి. 1938 అక్టోబరు 22న ఆస్టోరియాలో అద్దెకు తీసుకున్న చిన్న గదిలో, ఆయనా, ఓటో కొర్నై అనే సహాయకుడూ కలిసి, గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది ఆవేశం పుట్టించారు. తేదీ, ఊరి పేరు రాసిన గాజు పలకను దాని మీద పెట్టి వెలుతురు వేశారు. సన్నటి పొడి చల్లి ఊదితే అక్షరాలు మిగిలాయి. మైనపు కాగితం నొక్కితే దాని మీదికి వచ్చాయి. మొదటి జిరాక్స్ కాపీ అది. పేటెంట్ 1942లో వచ్చింది. ఐబీఎం, జీఈలతో సహా ఇరవైకి పైగా కంపెనీలు దాన్ని వద్దన్నాయి. 1944లో బాటెల్ అనే పరిశోధన సంస్థ చేతిలోకి తీసుకుంది, తర్వాత ఫొటో పేపరు చేసే హాలాయిడ్ అనే కంపెనీ వచ్చింది. గంధకం సరిపోదని సెలీనియం కనుక్కున్నది బాటెల్‌లో. 1949లో వచ్చిన మొదటి మెషిన్ మీద ఒక కాపీ తీయడానికి చేత్తో బోలెడన్ని పనులు చేయాలి, ఆఫీసుల్లో నడవలేదు. చివరికి బటన్ నొక్కితే మామూలు కాగితం మీద కాపీ వచ్చే 914 అనే మెషిన్‌ను హాలాయిడ్ చూపించింది 1959 సెప్టెంబరులో. ఆ కంపెనీయే తర్వాత జిరాక్స్ అని పేరు మార్చుకుంది. మెషిన్ లోపల బొమ్మ ఏర్పడే డ్రమ్ము మీద మిగిలిన పొడిని తుడవడానికి వాళ్ళు కుందేలు బొచ్చు బ్రష్షు దాకా వెళ్ళారు.

ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ ఏళ్ళలో జరిగింది ఒకే ఐడియాను మెల్లగా అమలు చేయడం కాదని నా నమ్మకం. దారి పొడవునా కొత్త ఐడియాలు పుట్టాయి, అవన్నీ చేతులు పనిలో ఉన్నవాళ్ళకు పుట్టాయి. అన్నిటికంటే నాకు నచ్చేది డబ్బుల విషయంలో వాళ్ళు చేసిన ఆలోచన. మెషిన్ చాలా ఖరీదు, అమ్మితే కొనేవాళ్ళు తక్కువ. అందుకని నెలకు 95 డాలర్ల అద్దెకు ఇచ్చారు, 2,000 కాపీలు అందులోనే, ఆపైన ప్రతి కాపీకీ లెక్క. మెషిన్ లోపల మీటరు తిరుగుతుంది. కాపీకి ఇంత అని లెక్కపెట్టే పద్ధతి అలా నిలబడింది. అశోక్‌నగర్‌లో పిల్లవాడు ఒక్క రూపాయి ఇచ్చి ఒక్క పేజీ తీసుకుని వెళ్తున్నాడంటే నాకు గుర్తొచ్చేది ఆ మీటరే. కార్ల్‌సన్ గదిలో దాని ఊసే లేదు.

ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. “కార్ల్‌సన్ లేకపోతే బాటెల్ ఏం చేసేది మేడమ్?” అన్నాడు. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఇంకో మాట అంది. “లిక్టెన్‌బర్గ్ చేతగాక వదిలేయలేదు కదా మేడమ్, ఆయన కాలంలో కరెంటు దీపమే లేదు.” రెండూ న్యాయమైన మాటలే. కార్ల్‌సన్ అంత మంది కాదన్నా వదలకుండా తిరిగాడు. ఆ తిరగడం కూడా చేయడమే అని నేనంటాను. ఆలోచన వచ్చిన ఆ ఒక్క సాయంత్రం కంటే దాన్ని మోసిన ఏళ్ళకే నేను ఎక్కువ దండం పెడతాను. మన వాళ్ళలో, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామను చూడండి. దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకని వాళ్ళు ఏటా వేల మంది. టికెట్లన్నీ ఒక్కచోట కనపడితే బాగుండని వాళ్ళలో ఎంతమంది అనుకుని ఉంటారో. 2006లో ఆయన, ఆయన స్నేహితులు ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి, సీట్లు మాకు ఇవ్వండని అడిగి ఒప్పించారు.

ఈ సందులోనే దీనికి ఇంకో ఉదాహరణ నడిచింది. కొంతకాలం క్రితం ఇక్కడ ఒక కొత్త ప్రింట్ షాపు తెరిచారు. ఫోన్‌లో ఫైలు అప్‌లోడ్ చేసి డబ్బు కడితే కోడ్ వస్తుంది, ఆ కోడ్‌తో లాకర్ తెరిచి ప్రింట్ తీసుకోవాలి. మంచి ఐడియా, మనస్ఫూర్తిగా అంటున్నాను. రాత్రి పదకొండింటికి కూడా ప్రింట్ దొరికేది. అంతకంటే ముఖ్యం, హాస్టల్ అమ్మాయిలు తెలియని షాపు వాళ్ళకు తమ వాట్సాప్ నంబరు ఇవ్వక్కర్లేదు. ప్రింట్ కోసం ఇచ్చిన నంబరుకు రాత్రిళ్ళు మెసేజ్‌లు రావడం ఇక్కడ అమ్మాయిలు నాకు చెప్పుకున్న బాధ. ఆ షాపు పెట్టిన కుర్రాళ్ళు అది గుర్తించారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

కానీ ప్రింట్‌ను చూసే మనిషి అక్కడ ఎవరూ లేరు. లీగల్ సైజు ఫైలు ఏ4లో పడి కింది నాలుగు లైన్లు పోయేవి. టోనర్ అయిపోవస్తున్నా మెషిన్ వెలిసిపోయిన పేజీలు కొడుతూనే ఉండేది. ఒకరి కాగితాలు ఇంకొకరి లాకర్‌లో కనపడేవి. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చేవాళ్ళు, రేపు పరీక్ష ఉన్న పిల్లవాడు ఆ నంబరుతో ఏం చేసుకుంటాడు? ఆ కుర్రాళ్ళు ఎక్కడో కూర్చుని యాప్‌ను బాగు చేస్తూ వచ్చారు, యాప్ నిజంగానే బాగైంది. కొన్ని నెలలకు షట్టర్ దించేశారు. నాకు బాధేసింది.

తర్వాత జరిగింది చెప్పాలి. మూతపడ్డ షాపు సంగతి మాట్లాడుకుంటూ అమ్మాయిలు వదినతో నంబర్ల గొడవ చెప్పారు. వారం తిరగకుండా ఇక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక మెయిల్ ఐడీ వచ్చింది. కింద, నంబరు ఇవ్వనవసరం లేదు, మెయిల్ చాలు, రాత్రి ఫైళ్ళన్నీ తీసేస్తాం అని రాశారు. తీసేయడం నేను కళ్ళారా చూశాను, షట్టర్ దించే ముందు వదిన కూర్చుని ఫోల్డర్ ఖాళీ చేస్తారు. ఆధార్ కార్డుల స్కాన్‌లు, మార్కుల మెమోలు, ఫోటోలు, ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఆ కుర్రాళ్ళ ఐడియాలో అసలైన మంచి ఈ గోడ మీద బతికింది. లాకర్లు రాలేదు, రాత్రి పదకొండింటి ప్రింటూ రాలేదు. అమ్మాయిల ఇబ్బంది మాత్రం తీరింది. నా దగ్గర చదివే ఒక అమ్మాయి ఇప్పుడు ధైర్యంగా ఒంటరిగా వచ్చి ప్రింట్ తీసుకుంటుంది, అంతకుముందు తమ్ముడి ఫోన్ నుంచి పంపించేది.

లోపాలూ ఉన్నాయి. కలర్ ప్రింట్ ఇక్కడ బాగుండదు. మ్యాపులు, కలర్ డయాగ్రమ్‌లు ఉంటే ఇంకెక్కడికైనా వెళ్ళండి, అన్న కూడా అదే చెప్తారు. ఫోన్ ఎత్తరు. కూర్చోవడానికి ఏమీ లేదు, ఆ చెక్క బల్ల కాగితాలు సర్దుకోవడానికే. ఎండాకాలం మధ్యాహ్నం మూడు మెషిన్ల వేడికి లోపల నిలబడటం కష్టం, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని అడుగుతూనే ఉన్నాను. పెద్ద పనికి చెప్పిన టైముకు అరగంట అటూ ఇటూ అవుతుంది. థీసిస్ హార్డ్ బైండింగ్ వీళ్ళు చేయరు, బయట చేయించి తెప్పిస్తారు, దానికి రెండు రోజులు పడుతుంది.

ఇంకో విషయం కొందరికి నచ్చదు, నాకు నచ్చుతుంది. తెలుగు అకాడమీ పుస్తకం తెచ్చి మొత్తం జిరాక్స్ కొట్టమంటే అన్న కొట్టరు. “హిమాయత్‌నగర్ పో బిడ్డా, కొత్త పుస్తకమే ఇంతకన్న సస్తగ వస్తది” అని పంపిస్తారు. లెక్క వేస్తే చాలా పుస్తకాలకు అది నిజమే. స్టాక్ లేని పుస్తకమైతే కావలసిన చాప్టర్ వరకు తీసిస్తారు.

రేట్లు: ఒక వైపు ప్రింట్ రూపాయి. యాభై పేజీలు దాటితే బ్యాక్ టు బ్యాక్‌లో వైపుకు 70 పైసలు. మామూలు మందం స్పైరల్ 40 రూపాయలు, లావైతే 60. పక్క సందులో ఇంకో పది పైసలు తక్కువకు దొరుకుతుంది. మూడు వందల పేజీలకు ముప్పై రూపాయల తేడా, విద్యార్థికి అది ఒక పూట టిఫిన్ అని నాకు తెలుసు. అయినా నా పిల్లలకు ఇక్కడికే వెళ్ళమని చెప్తాను. ఒక్క గుర్తు పోయిన కాగితం మీద నెల రోజులు చదివితే పోయేది ముప్పై రూపాయలతో తిరిగి రాదు. తప్పుగా వచ్చిన కాగితాలను పారేయకుండా వెనక వైపు రఫ్ వర్క్‌కి పనికొస్తాయని కట్టలు కట్టి ఉంచుతారు. మ్యాథ్స్ చేసుకునేవాళ్ళు అడిగి ఉచితంగా తీసుకోవచ్చు, మనుషుల వివరాలున్నవి మాత్రం చింపేస్తారు.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. ఫైలు పీడీఎఫ్ చేసుకుని వెళ్ళండి. తెలుగు మెటీరియల్‌కి రెండు పేజీలు ఒకటిగా కుదించమని అడగకండి, అడిగినా ముందు శాంపిల్ చదివి చూడండి. ఏ పేజీలో అక్షరాలు చిన్నగా ఉన్నాయో, ఏ పేజీలో ఫార్ములాలు ఉన్నాయో ముందే నంబరు రాసుకుని వెళ్తే మీకూ అన్నకూ టైము కలిసొస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. ఆదివారం ఒంటిగంట దాకానే. నోటిఫికేషన్ పడిన రోజు సాయంత్రం మాత్రం పెద్ద పని పట్టుకుని వెళ్ళకండి, అప్లికేషన్లు ప్రింట్ తీసుకునే పిల్లలు వంద మంది ఉంటారు, వాళ్ళ పనే ముందు అవుతుంది.